ఒకటి కనబడితే

తల్లి పట్టుచిలుకను రోట్లో నూరడానికి గంగాభవానికి నలభై తిప్పులు పడుతుంది. అరచేతిలో ఇమిడే పింగాణీ రోలు, బొటనవేలంత రోకలి. గుడ్లు పెట్టి అలసిపోయిన పట్టుచిలుకను అందులో వేసి, క్షారం కలిపిన నీళ్ళు రెండు చుక్కలు పోసి, మోచెయ్యి బల్లకు ఆనించి తిప్పుతుంది. రెక్కలూ పొట్టా కలిసి బూడిదరంగు గంజి అవుతాయి. ఆ గంజిలోంచి ఒక్క చుక్క గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తే తల్లికి పెబ్రిన్ రోగం ఉందో లేదో తెలిసిపోతుంది. తల్లికి ఉంటే గుడ్లకూ ఉన్నట్టే. అలాంటి గుడ్లు తీసుకుపోయిన రైతు ఇంట్లో పురుగులు గూడు కట్టకముందే కుప్పలుగా చస్తాయి.

కెలమంగలం రోడ్డు మీద ఉన్న ఆ గుడ్ల కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా ఆమెది ఇదే పని. రోజుకు నూటికి పైగా తల్లులు. నూరేదీ కుడిచెయ్యే, పలకను జరిపేదీ కుడిచెయ్యే, మైక్రోస్కోపు మర తిప్పేదీ కుడిచెయ్యే. ఎడమచేతికి కాగితం పట్టుకోవడం తప్ప వేరే ఉద్యోగం లేదు.

సోమవారం మధ్యాహ్నం అరవై మూడో పలక మీద ఆమె చెయ్యి ఆగింది. నూగింజ ఆకారంలో, చుట్టూ సన్నటి నల్లగీతతో, లోపల తెల్లగా మెరుస్తూ ఒకటి కనబడింది. మర కొంచెం తిప్పింది. మెరుపు చెదరలేదు. పలకను వెంట్రుకవాసి జరిపి మళ్ళీ వెనక్కి తెచ్చింది. అది అక్కడే ఉంది. చెవి మీద పెట్టుకున్న ఎర్రపెన్సిలు తీసి ఆ విడత గుడ్ల లాట్ కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది.

కేంద్రం మేనేజరు పిల్లప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎర్రగీత అంటే ఆయనకు బీపీ.

"ఎన్ని కనబడినాయి గంగమ్మా?"

"ఒకటి."

"ఒక్కటేనా? ఇంకొక పలక ఏసి చూడమ్మా. శుక్రవారం తళి ఊరి రైతులు గుడ్లకు వస్తామని చెప్పినారు. వాళ్ళకు నేను ఏం చెప్పేది?"

"లేవని చెప్పన్నా. ఒకటి కనబడితే ఒకటే ఉండాదని కాదు. మనం చూడనివి ఇంకా ఉండాయని అర్థం. లాట్ మొత్తం కాల్చేయ్."

ఈ మాట మీద గంగాభవానితో వాదించి గెలిచినవాడు ఆ కేంద్రంలో లేడు. పిల్లప్ప నెత్తి గోక్కుని, పెరట్లో పొయ్యి రాజేయమని కేకేశాడు. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, "రేపు రావు కదా?" అన్నాడు.

"రేపు డాక్టరమ్మ రమ్మనింది. ఎల్లుండి కోస్తారు."

"భయపడద్దమ్మా. చిన్నదే అన్నారు కదా."

"నేనెందుకు భయపడతాను" అంది గంగాభవాని. అన్నదే గానీ, రోలు కడుగుతున్నప్పుడు రోకలి చేతిలోంచి జారి తొట్టిలో పడింది. కుడిరొమ్ములో ఆ గడ్డ స్నానం చేస్తుంటే చేతికి తగిలి నెల కాలేదు. సూది పెట్టి చూసి, కేన్సరే, కానీ తొలిదశ అన్నారు. అప్పటినుంచి ఆమె మనసులో ఒకటే ఉంది. ఉన్నదంతా తీసి అవతల పడేయాలి. పెరట్లోంచి కాలుతున్న గుడ్ల వాసన వచ్చింది. ఆ వాసన ఆమెకు ఎప్పుడూ ధైర్యంగానే ఉంటుంది, పని సరిగ్గా జరిగిందని.

*

డాక్టరు గదిలో కుర్చీలు రెండే ఉన్నాయి. హోసూరు ఆస్పత్రికి ముగ్గురు వచ్చారు. ఒక కుర్చీలో బావ హనుమంతప్ప కూర్చున్నాడు, రెండోదాంట్లో తన తమ్ముణ్ణి, గంగాభవాని మొగుడు చెన్నరాయప్పను కూర్చోబెట్టాడు. రోగం ఎవరికో ఆ మనిషి గోడవార బరువు చూసే యంత్రం పక్కన నిలబడింది.

డాక్టరు అపూర్వ హోసూరు బజారులో బట్టలకొట్టువాళ్ళ అమ్మాయి. ముప్పై ఐదుంటాయి. తలెత్తి ముగ్గురినీ చూసి, చెన్నరాయప్పతో, "అన్నా, కొంచెం లేస్తారా? నేను మాట్లాడాల్సింది ఆమెతో" అంది. చెన్నరాయప్ప కుర్చీ కాలినట్టు లేచాడు.

డాక్టరు కాగితం మీద రొమ్మూ చంకా బొమ్మ గీసింది. "గడ్డ చిన్నది. ఒకటిన్నర సెంటీమీటరు. రొమ్మంతా తీయనక్కర్లేదు, గడ్డనూ దాని చుట్టూ కొంచెమూ తీస్తాం. తర్వాత రేడియేషన్, మీరంతా కరెంటు పెట్టడం అంటారే, అది. ఇక చంక. రోగం రొమ్ము దాటితే మొదట చంకలోకే వస్తుంది. అక్కడ ఇరవై దాకా చిన్న చిన్న గ్రంథులుంటాయి. స్కాన్‌లో అవి మామూలుగానే ఉన్నాయి. కానీ స్కాన్‌కు అందనంత చిన్నది ఏమైనా ఉందేమో చూడాలి."

"ఎట్ల చూస్తారు?"

"రొమ్ములో నీలం రంగు సూది వేస్తాను. ఆ రంగు ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో, రోగం కూడా ముందుగా దానికే చేరుతుంది. నీలంగా మారిన రెండు మూడు తీసి ల్యాబులో చూస్తాం. అవి బాగుంటే మిగిలినవి ముట్టుకోం."

గంగాభవానికి ఆసుపత్రుల్లో ఇంతవరకు ఎవరు చెప్పినా అర్థం కానంత బాగా అర్థమైంది. "శాంపిల్ చూస్తారు."

"సరిగ్గా అదే."

"శాంపిల్లో ఒకటి కనబడితే అన్నీ తీసేస్తారు."

"అది అప్పుడు మాట్లాడదాం."

"మాట్లాడేదానికి ఏముండాదమ్మా?" హనుమంతప్ప అందుకున్నాడు. ఆ ఇంట్లో మాట్లాడే పని ఆయనది. "శాంపిల్లూ వద్దు, ఏమీ వద్దు. ఆ ఇరవై తీసి పారేయండి. రోజూ ఆ భయం నెత్తిమీద పెట్టుకొని ఎవరు తిరుగుతారు?"

గంగాభవాని కాదనలేదు. ఆమె మనసులో ఉన్నదీ అదే. డాక్టరు మాత్రం పెన్ను మూత పెట్టి, "మీరేం పని చేస్తారు?" అని ఆమెనే అడిగింది.

జవాబు హనుమంతప్ప దగ్గర్నుంచి వచ్చింది. "పని ఇంక లేదులేమ్మా. ఇంతకాలం చేసింది చాలు. ఇంట్లో అన్నానికి ఏం కరువు? మేం మాట్లాడుకొని మానిపించేస్తామని అనుకున్నాము."

గంగాభవాని మొగుడి వైపు చూసింది. చెన్నరాయప్ప నేల మీద గచ్చు చూస్తున్నాడు. తన పని పోయిన సంగతి తనకు డాక్టరు గదిలో తెలిసింది. రోగం ఉందని చెప్పిన రోజు కూడా ఇంత రోషం రాలేదు.

"పద్దెనిమిదేండ్లు" అంది. "పట్టుచిలకలను నూరి రోగం చూస్తానమ్మా. ఈ చేత్తో." కుడిచెయ్యి గాలిలో రోకలి తిప్పింది.

డాక్టరు ఆ చేతినే చూస్తూ చెప్పింది. "చంకలో అన్నీ తీస్తే ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది. నీరు దిగే దారి పోతుంది గదా. కొందరికి కొంచెం, కొందరికి గాజులు పట్టనంత. ఒకసారి మొదలైతే మళ్ళీ మామూలు కావడం కష్టం. రెండు మూడు మాత్రమే తీస్తే ఆ భయం చాలా తక్కువ. అందుకే రేపు శాంపిల్ వరకే తీస్తాను. ఏదైనా కనబడినా, మీరు మత్తులో ఉండగా బయటికొచ్చి ఇంకొకరిని అడిగి మిగిలినవి తీయను. మీరు లేచాక మీకే చెబుతాను, మిమ్మల్నే అడుగుతాను."

"రెండుసార్లు కత్తి పెట్టేదా?" హనుమంతప్ప లేచి నిలబడ్డాడు.

"అవసరమైతే."

ఫారం బల్ల మీద ఉంది. గంగాభవాని సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు కూడా, కనబడితే మాత్రం అన్నీ తీయించేస్తాను అనుకుంటూనే పెట్టింది.

*

బుధవారం మెలకువ వచ్చేసరికి ఆమె ఎడమచెయ్యి అప్పటికే కుడివైపు తడుముతోంది. అన్నీ తీస్తే చంక కింద గొట్టం, గొట్టానికి సీసా ఉంటాయని నర్సు ముందురోజు చెప్పింది. కట్టు తగిలింది. పక్క దుప్పటి తగిలింది. మంచం అంచు తగిలింది. గొట్టం లేదు.

గొట్టం లేదు. గంగాభవాని కళ్ళవెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. ఆ ఒక్క నిమిషం ఉన్నంత సుఖంగా ఆమె ఈ నెలలో ఎప్పుడూ లేదు. ఆ తర్వాత డాక్టరు మాట గుర్తొచ్చింది. కనబడినా సరే ఈరోజు తీయనని ఆమె ముందే చెప్పింది. అంటే గొట్టం లేకపోవడానికి అర్థమే లేదు. సుఖం ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది.

"ఏమన్నా చెప్పినారా?" అని మొగుణ్ణి అడిగింది. నాలుక మందంగా ఉంది.

"నీకే చెప్తాననింది ఆ యమ్మ. అన్న అడిగితే కూడా చెప్పలేదు." చెన్నరాయప్ప తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. "అన్నకు శానా కోపం వచ్చింది."

సాయంత్రం మూత్రానికి పోతే అది పచ్చగా నీలంగా వచ్చింది. గంగాభవాని కెవ్వుమంది. నర్సు నవ్వి, సూదిమందు రంగేనని, రేపటికి పోతుందని చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలియక గంగాభవాని గోడ పట్టుకుని నిలబడింది. చంకలో చేరిన రంగు ఎక్కడెక్కడికో పోయి ఇట్లా బయటికి వస్తోంది. రంగుతో పాటు ప్రయాణం చేసినవి ఇంకా ఏమేమిటో ఎవరు చెబుతారు?

*

గురువారం పొద్దున్నే డాక్టరు ఒక్కతే వచ్చింది. తెర లాగి మంచం మీద కూర్చుంది. డాక్టరు మంచం మీద కూర్చుందంటేనే గంగాభవానికి తెలిసిపోయింది.

"మూడు తీశాం. రెండు బాగున్నాయి. ఒకదాంట్లో ఉంది. మూడు మిల్లీమీటర్లు."

"మిగిలినవి ఎప్పుడు తీస్తారు?"

"తీయాలని లేదమ్మా. మీలాగా గడ్డ చిన్నదై, రొమ్ము ఉంచి కరెంటు పెట్టించుకున్న వాళ్ళను, ఒకటి రెండు గ్రంథుల్లో మాత్రమే ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. సగం మందికి అన్నీ తీశారు, సగం మందికి తీయలేదు. బతుకులో తేడా రాలేదు. చేతిలో వచ్చింది."

"ఒకటి కనబడింది కదమ్మా!" గంగాభవాని గొంతు లేచింది. ఈ పిల్లకు పని తెలియదా, లేక తనను ఓదారుస్తోందా? "ఒకటి కనబడితే ఇంకా ఉండాయని కదా అర్థం? మిగిలినవాటిలో లేదని మీరు చెప్పగలరా?"

"చెప్పలేను. నలుగురిలో ఒకరికి ఇంకొకదాంట్లోనూ ఉండొచ్చు. కరెంటూ, ఆ తర్వాత ఇచ్చే మాత్రలూ పనిచేసేది దాని మీదే. ఈరోజే చెప్పనక్కర్లేదు, ఆలోచించుకోండి. తీయమంటే తీస్తాను."

ఎవరో చూసిన పలక మీద తీర్పు చెప్పడం గంగాభవానికి చేతకాదు. కేంద్రంలో కూడా పక్కవాళ్ళు చూసింది మళ్ళీ తను చూసుకుంటే గాని గీత కొట్టదు.

"ఆ పలక నేను చూడల్ల" అంది.

"ఏ పలక?"

"నాది. నా చంకలోది."

డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. చక్రాల కుర్చీ తెప్పించి, తనే తోసుకుంటూ కింది అంతస్తులో ల్యాబుకు తీసుకుపోయింది. ల్యాబు డాక్టరు బాలసుబ్రమణ్యం రిటైరయ్యే వయసువాడు. రోగులు తన గదికి రావడం ఆయనకు అలవాటు లేదు. ముక్కు మీది కళ్ళజోడు నుదుటికి ఎక్కించి, విషయం విని, పలక పెట్టి, "కళ్ళు ఇక్కడ ఆనించమ్మా, నేను సరిచేసి..." అంటుండగానే ఆమె కుడిచెయ్యి మర మీదికి పోయింది. చంకలో కుట్లు చురుక్కుమన్నాయి. పళ్ళు బిగబట్టి మర తిప్పింది. చూపు కుదిరింది.

అంతా ఊదారంగు. తన పలకలు ఎప్పుడూ బూడిదరంగు, ఈ రంగులకు అలవాటు పడడానికి కాస్త పట్టింది. ఆ తర్వాత పని మొదలుపెట్టింది. ఎడమవైపు పై మూలనుంచి బయలుదేరి కుడికి, ఒక వరస దిగి మళ్ళీ ఎడమకి, సాళ్ళు దున్నినట్టు. బాలసుబ్రమణ్యం ఆ చెయ్యి కదలిక చూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆవాలు పోసినట్టు ఇన్ని ఉండాయే, ఇవేంది సార్?"

"అవి మంచివేనమ్మా. ఒంటికి కాపలా ఉండేవి. నీవే."

ఇంకో మూడు వరసలు నడిచింది. ఒక మూల ఆవాలు ఆగిపోయాయి. పెద్ద పెద్ద కణాలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, సంతలో జనంలా గుంపుకట్టి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే ఆమె చెయ్యి ఆగింది.

"ఇదేనా?"

"అదే."

దాని అంచు పట్టుకుని చుట్టూ తిరిగింది. ఒక్క మూలే. ఆ మూల దాటితే మళ్ళీ ఆవాలు, వరసకు వరస ఆవాలు. పలక చివరిదాకా పోయి చూసింది. మిగిలిన రెండు పలకలూ అడిగి పెట్టించుకుని, వాటినీ మొదటినుంచి చివరిదాకా చూసింది. చెయ్యి లాగుతోంది, నుదుటి మీద చెమట పట్టింది. డాక్టరు అపూర్వ చాలమ్మా అంటే వినలేదు.

"మా ఆడ ఇట్ల ఒకటి కనబడితే లాట్ మొత్తం కాలుస్తాము సార్" అంది తల ఎత్తకుండానే.

"ఎందుకు?" బాలసుబ్రమణ్యానికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"ఎందుకంటే... దానికి మందు లేదు సార్. గుడ్డులోనే ఉంటుంది. రైతు ఇంటికి పోతే ఆ ఇల్లు, ఆ ఇంటినుంచి ఊరు..."

అక్కడ ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళలో ఎంతోమంది రైతులకు గడగడా అప్పజెప్పిన మాటలే. ఈసారి సగంలో మింగేసింది. మైక్రోస్కోపు మీదినుంచి చెయ్యి తీసి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళు సన్నగానే ఉన్నాయి. మెట్టెలు తొడిగినరోజు అత్త తెచ్చిన ఉంగరం ఇంకా వదులుగా తిరుగుతూనే ఉంది.

*

శుక్రవారం హనుమంతప్ప పొద్దున్నే వచ్చాడు. సంగతి అప్పటికి చెన్నరాయప్ప చెప్పేశాడు. కృష్ణగిరిలో తనకు తెలిసిన కాంపౌండరును అడిగి మరీ వచ్చాడు. మంచం మీది పళ్ళెంలో డాక్టరు పంపిన ఫారం ఉంది. మళ్ళీ ఆపరేషన్ కావాలా, వద్దా. రెండు గళ్ళు.

"చూడు గంగా" అన్నాడు, నిలబడే. "నీకు నేను చెప్పేదానికి ఏముండాది? ఊర్లో రైతులకంతా నువ్వే కదా చెప్తావు, ఒకటి కనబడితే అంతా కాల్చల్లని. మొన్న ఆ పిల్లప్ప ఎంత బతిమాలినా కాల్పించినావంట. నీ నోటి మాటే. చెయ్యి వాస్తే వాస్తుంది. ఆ చేత్తో ఇంక నువ్వు చేసేది ఏముండాది? గుర్తు పెట్టు, ఆ డాక్టరమ్మకు ఇచ్చొస్తాను."

తన మాట ఆయన నోట్లోంచి వినడం గంగాభవానికి విచిత్రంగా అనిపించింది. నిన్న పొద్దున ఇదే మాట తను డాక్టరు మీద అరిచి చెప్పింది. అప్పుడు అది తన మాటే. ఇప్పుడు అందులో తన చెయ్యికి చోటే లేదు. భయం పోలేదు. కళ్ళు మూసుకుంటే ఆ మూల గుంపు కనబడుతూనే ఉంది, రేపు కూడా కనబడుతుంది, ఏళ్ళ తరబడి కనబడుతుందని ఆమెకు తెలుసు. నలుగురిలో ఒకరు. ఆ ఒకరు తనే కావచ్చు.

"బావా, గుడ్లు నావి కావు" అంది.

"ఏంది?"

"గుడ్లు నావి కావు, రైతువి. పరాయి ఇంటికి పోతాయి. ఆడ వాటికి మందు లేదు, అందుకని కాలుస్తాను. దీనికి మందు ఉండాది. నేను చూసినాను, మూడు పలకలూ చివరిదాకా చూసినాను. ఒక్క మూల ఉండాది." ఊపిరి తీసుకుంది. "ఈ చెయ్యి యాడికీ పోదు బావా. నా దగ్గరే ఉంటుంది. పనికి పోతుంది."

హనుమంతప్ప తమ్ముడి వైపు తిరిగాడు. "చెప్పరా నీ పెండ్లానికి!"

చెన్నరాయప్ప కిటికీ దగ్గర తువ్వాలు పట్టుకుని ఉన్నాడు. అన్న వైపూ, ఆమె వైపూ చూశాడు. తర్వాత వచ్చి, పళ్ళెంలో జారిపోయిన పెన్ను వెతికి తీసి, మూత విప్పి, ఆమె కుడిచేతిలో పెట్టాడు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో అన్న ఎదురుగా అతడు చేసిన ఘనకార్యం అదొక్కటే. చేసి, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

వద్దు అన్న గడిలో గంగాభవాని గుర్తు పెట్టింది. కుట్లు లాగుతుంటే సంతకం వంకర పోయింది. మాత్రలూ కరెంటూ తప్పకుండా చేయించుకుంటానని, మూడు నెలలకోసారి వస్తానని కింద తనే రాసింది. ఎవరూ అడగలేదు.

అప్పుడే ఫోను మోగింది. పిల్లప్ప.

"గంగమ్మా, ఎట్లుండావు? నీకు ఫోను చేయకూడదనే అనుకున్నాను. కొత్త లాట్ నేనే చూస్తా ఉండాను. నూటికి ఒకటి కనబడింది. ఒక్కటే. ఆ పక్కది దుమ్మేమో అనిపిస్తా ఉండాది. ఇంకొక పలక ఏసి చూసేదా? రైతులు వాకిట్లో కూర్చోనుండారు."

"దుమ్ము పక్కదా, మొదటిదా?"

"పక్కది. మొదటిది మెరుస్తానే ఉండాది."

"కాల్చేయన్నా" అంది గంగాభవాని.

"మొత్తమా?"

"మొత్తం. మూడు వారాలు పోనీ, ఆ సోమవారం వచ్చేస్తాను. రోలు ఎండబెట్టి పెట్టించు."

గంగాభవాని ఫోనును ఎడమచేతికి మార్చుకోకుండా, మెల్లగా, కుడిచేత్తోనే దిండు పక్కన పెట్టింది.